టీవీ డబ్బు ఉప్పల్ దాకా వచ్చింది.. నల్లగొండ, పాలమూరుకు ఎందుకు చేరట్లేదు?

ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ ప్రసారం చేసుకునేందుకు బీసీసీఐకి ముట్టే సొమ్ము ఎంతో తెలుసా? సగటున 118 కోట్ల రూపాయలు. 2022 జూన్‌లో జరిగిన వేలంలో 2023 నుంచి 2027 వరకు అయిదు సీజన్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అప్పుడు వేసుకున్న లెక్క 410 మ్యాచ్‌లు. భాగించి చూసుకోండి.

సన్‌రైజర్స్ హైదరాబాద్ సొంతగడ్డపై ఆడే మ్యాచ్‌లు సీజన్‌కు ఏడు. అంటే ఉప్పల్ స్టేడియంలో లైట్లు వెలిగే ఆ ఏడు రాత్రుల ప్రసార విలువే 800 కోట్లు దాటుతుంది. అదే ఉప్పల్ నుంచి కారులో రెండు గంటలు వెళ్తే నల్లగొండ. ఇంకో దిక్కున అంతే దూరం వెళ్తే మహబూబ్‌నగర్. అక్కడ బ్యాట్ పట్టుకుని తిరిగే పదిహేనేళ్ల పిల్లాడికి ఈ డబ్బుతో ఏమైనా సంబంధం ఉందా? ఉంటే ఏ దారిలో? లేకపోతే ఎక్కడ ఆగిపోతోంది?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఆట మీద ప్రాణం పెట్టుకున్న పిల్లలుంటే ఈ లెక్క మీకు పనికొస్తుంది. ఎందుకంటే వాళ్లు ఏ ఊళ్లో ఉండాలి, ఏ స్కూల్లో చదవాలి, ఇంట్లో ఎవరు ఉద్యోగం మానుకోవాలి అన్న నిర్ణయాలు చివరికి ఈ డబ్బు దారిని బట్టే జరుగుతున్నాయి.

డబ్బు ఏ దారిలో వస్తుంది?

ప్రసార సంస్థలు కట్టిన సొమ్ము ముందు బీసీసీఐకి చేరుతుంది. ఐపీఎల్ ఆదాయంలో దాదాపు సగం ఫ్రాంచైజీలకు వెళ్తుంది. బోర్డు తన మిగులులోంచి ఏటా రాష్ట్ర సంఘాలకు గ్రాంటు ఇస్తుంది. మన దగ్గర ఆ రాష్ట్ర సంఘం హైదరాబాద్ క్రికెట్ సంఘం, అంటే హెచ్‌సీఏ. పేరులో హైదరాబాద్ ఒక్కటే ఉన్నా దాని పరిధి తెలంగాణ అంతా. గ్రాంటు కాకుండా ఐపీఎల్ మ్యాచ్ జరిగిన ప్రతిసారీ ఆతిథ్య రుసుము వస్తుంది. 2020లో పెంచిన రేటు ప్రకారం ఒక్కో మ్యాచ్‌కు ఫ్రాంచైజీ 50 లక్షలు, బోర్డు మరో 50 లక్షలు రాష్ట్ర సంఘానికి ఇవ్వాలి.

ఇక ఆటగాడికి నేరుగా వచ్చేది మ్యాచ్ ఫీజు. 2021లో బీసీసీఐ సవరించిన రేట్ల ప్రకారం అండర్-19 ఆటగాడికి రోజుకు 20 వేలు, అండర్-23కు 25 వేలు. రంజీ స్థాయిలో కొత్తవాడికి రోజుకు 40 వేలు, 40కి పైగా మ్యాచ్‌లు ఆడినవాడికి 60 వేలు. నాలుగు రోజుల రంజీ మ్యాచ్ ఒక్కటి ఆడితే కొత్త కుర్రాడి చేతికి లక్షా 60 వేలు వస్తాయి. ఐపీఎల్ జట్టులోకి వెళ్తే కనీస ధరే 30 లక్షలు. 2025 నుంచి తుది జట్టులో ఆడిన ప్రతి మ్యాచ్‌కు మరో ఏడున్నర లక్షలు అదనం.

ఈ అంకెలు చూస్తే క్రికెట్‌లో పైకి వెళ్లినవాడికి లోటు లేదని అర్థమవుతుంది. నిజమే, లేదు. పేచీ అంతా ఆ పైకి వెళ్లే మెట్టు దగ్గరే. రాష్ట్ర జట్టులోకి వచ్చాకే ఈ ఫీజులు మొదలవుతాయి. అంతకు ముందు పదేళ్లు, అంటే తొమ్మిదో ఏట నుంచి పంతొమ్మిదో ఏట దాకా, ఖర్చు మొత్తం ఇంటిదే. కోచింగ్ ఫీజు, కిట్లు, షూస్, ప్రయాణం, తిండి. టీవీ డబ్బు ఆ పదేళ్లకు సాయపడాలంటే అది రాష్ట్ర సంఘం దాటి జిల్లా మైదానానికి రావాలి. ఇందులో ఇన్ని శాతం జిల్లాకు అని పైనే కోసి పంపే పద్ధతి లేదు. ఎంత, ఎప్పుడు అన్నది రాష్ట్ర సంఘం ఇష్టం.

సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు రైతును అడిగితే ఈ సంగతి మనకంటే బాగా చెబుతాడు. డ్యాం నిండినంత మాత్రాన తన మడికి నీళ్లొచ్చినట్టు కాదు.

ఉప్పల్ దగ్గరే ఎందుకు ఆగింది?

హెచ్‌సీఏ 1934లో పుట్టిన సంఘం. ఓటు హక్కున్న సభ్యులు రెండొందలకు పైగా. వాటిలో అత్యధికం హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాల క్లబ్బులు, వివిధ సంస్థల జట్లు. జిల్లా సంఘాలు పదిలోపే. అది కూడా పాత ఉమ్మడి జిల్లాల లెక్కన. 2016లో జిల్లాల పునర్విభజన తర్వాత ఒకప్పటి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. ఒకప్పటి మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట వచ్చాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఎస్పీ ఆఫీసులు వచ్చాయి. క్రికెట్‌లో మాత్రం గద్వాల కుర్రాడు ఇప్పటికీ ‘మహబూబ్‌నగర్ జిల్లా’ ఆటగాడే.

ఓట్ల లెక్క ఇలా ఉన్నప్పుడు డబ్బు ఎటు పోతుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సంఘాన్ని గెలిపించేది నగరంలోని క్లబ్బులు. గెలిచినవారు ముందు ఎవరి మాట వింటారు? జిల్లాలకు అన్యాయం జరుగుతోందన్న ఫిర్యాదు ఇప్పటిది కాదు. ప్రత్యేకంగా తెలంగాణ క్రికెట్ సంఘం పేరుతో బీసీసీఐ గుర్తింపు కోరుతూ కొందరు కోర్టుల దాకా వెళ్లడానికి మూలం కూడా ఇదే.

కోర్టుల మాట వచ్చింది కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం. హెచ్‌సీఏ వర్గపోరు ముదిరి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. మాజీ న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేసింది. ఆయన చేసిన పనుల్లో ముఖ్యమైనది, ఎక్కువమంది మరిచిపోయింది ఒకటుంది. కొద్దిమంది చేతుల్లోనే గుత్తగా నడుస్తున్న 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారు. 57 ఓట్లంటే జిల్లాలన్నీ కలిసినా వాటికి ఎన్నో రెట్లు. 2023 అక్టోబరులో ఎన్నికలు జరిగి జగన్‌మోహన్‌రావు అధ్యక్షుడయ్యారు. 2025 మార్చిలో ఐపీఎల్ పాసుల విషయమై సన్‌రైజర్స్ యాజమాన్యం హెచ్‌సీఏపై బెదిరింపుల ఆరోపణ చేసింది. రాష్ట్ర ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. జులైలో సీఐడీ అధ్యక్షుడితో పాటు మరికొందరిని అరెస్టు చేసింది. అవి ఆరోపణలే, కోర్టులో తేలాల్సినవే.

ఈ గొడవల వార్తల్లో మనం ఎక్కువగా చదివింది పాసుల గురించి, కార్పొరేట్ బాక్సుకు తాళం వేయడం గురించి. జిల్లా మైదానాల గురించి ఎవరూ కొట్లాడుకోలేదు. డెస్కులో కూర్చుని ఆ వార్తలు రాసిన మాకూ అది గుర్తుకు రాలేదనుకోండి.

మరి ఆటగాడు ఏం చేస్తాడు?

డబ్బు మైదానం దగ్గరికి రాకపోతే ఆటగాడే డబ్బు దగ్గరికి పోతాడు. పాలమూరుకు వలస కొత్త కాదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా ‘పాలమూరు లేబర్’ పేరు వినిపించిన రోజులున్నాయి. ఇప్పుడు ఆటగాళ్ల వంతు.

ఈ వలసకు మూడు అంచెలు. మొదటిది జిల్లా నుంచి హైదరాబాద్‌కు. సెలక్టర్ల కళ్లలో పడాలంటే నగరంలోని లీగ్‌లో ఆడాలి, దానికి నగరంలోని క్లబ్ కావాలి, క్లబ్‌కు రోజూ వెళ్లాలంటే నగరంలో ఇల్లు కావాలి. మ్యాటింగ్ మీద ఆడి పెరిగిన పిల్లాడు ఒక్కసారిగా టర్ఫ్ పిచ్‌పై సెలక్షన్‌కు నిలబడితే బంతి ఎగిరే తీరే వేరుగా ఉంటుంది. అందుకే తల్లిదండ్రులు ముందే మూటాముల్లె సర్దుకుంటారు. 2025 మహిళల అండర్-19 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్‌పై సెంచరీ కొట్టి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిషది భద్రాచలం. ఆ కుటుంబం కూతురి ఆట కోసం ఊరు వదిలి హైదరాబాద్ ప్రాంతానికి మారింది. గెలిచాక రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది. మంచిదే. కానీ ఇలా ఊరు మారి, పిల్లలు ఎక్కడా సెలక్ట్ కాక, అటు ఊళ్లోనూ ఇటు నగరంలోనూ కాకుండా పోయిన కుటుంబాల లెక్క ఏ ప్రభుత్వం దగ్గరా ఉండదు.

రెండో అంచె రాష్ట్రం నుంచి రాష్ట్రానికి. దీనికి నిబంధనలున్నాయి. మీరు హెచ్‌సీఏ దగ్గర నమోదైన ఆటగాడైతే, మరో రాష్ట్రానికి ఆడాలంటే హెచ్‌సీఏ నుంచి నిరభ్యంతర పత్రం, అందరూ అనే ఎన్‌వోసీ, తెచ్చుకోవాలి. బయటి నుంచి వచ్చే ‘గెస్ట్’ ఆటగాళ్ల సంఖ్యపైనా పరిమితి ఉంది. ఒకప్పుడు ఇలా మారేవారిని నిలకడలేనివారిగా చూసేవారు. అంబటి రాయుడు హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ జట్లకు ఆడినప్పుడు విమర్శలు తక్కువేం రాలేదు. ఇప్పుడది మామూలు. టెస్టు ఆటగాడు హనుమ విహారి 2024లో కెప్టెన్సీ వివాదం తర్వాత ఇక ఆంధ్రకు ఆడనని బహిరంగంగా ప్రకటించి ఎన్‌వోసీ అడిగారు. కొన్నాళ్లు సర్దుకున్నా 2025లో త్రిపురకు వెళ్లిపోయారు. ఆయన స్థాయి ఆటగాడికి మరో రాష్ట్రం తలుపు తీసింది. దేవరకొండ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి తీస్తుందా? గెస్ట్ కోటా ఉన్నదే పేరున్నవారి కోసం.

మూడో అంచె వేలం. ఇక్కడ ప్రాంతం పూర్తిగా చెరిగిపోతుంది. టోలిచౌకీ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నది. మరుసటి ఏడాదికే ఆయన బెంగళూరుకు వెళ్లారు, 2024 నవంబరు వేలంలో గుజరాత్ టైటాన్స్ 12.25 కోట్లు పెట్టింది. తిలక్ వర్మ మొదటి నుంచీ ముంబై ఇండియన్స్‌లోనే. 1.7 కోట్లతో మొదలై 8 కోట్లకు చేరారు. హైదరాబాద్ జట్టులో హైదరాబాదీ ఎందుకు లేడని 2021లో ఎమ్మెల్యే దానం నాగేందర్ నిలదీశారు గానీ, ఫ్రాంచైజీ పేరు ముందున్న ఊరికి ఆ ఫ్రాంచైజీ నియమాల రీత్యా రుణపడి లేదు.

కబడ్డీలో అయినా మనది మనకు దక్కిందా?

కబడ్డీ అంటే మన ఊరి ఆట, కాబట్టి లెక్క వేరుగా ఉంటుందని అనుకుంటాం. 2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. 2021 నుంచి అయిదు సీజన్లకు దాని ప్రసార హక్కుల ధర 908 కోట్ల పైచిలుకు. క్రికెట్ ముందు చిన్నదే కావచ్చు, మన్ను మీద ఆడిన ఆటకు అంత ధర పలకడమే విశేషం. వేలంలో డి కేటగిరీ ఆటగాడి కనీస ధర 9 లక్షలు, ఎ కేటగిరీకి 30 లక్షలు. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.6 కోట్లకు దక్కించుకుంది.

ఆ జట్టును నడిపించినవారి పేర్లు చూడండి. రాహుల్ చౌధరిది ఉత్తరప్రదేశ్, పవన్‌ది ఢిల్లీ, విజయ్ మలిక్‌ది హర్యానా. పేరు తెలుగు, కూత హిందీ. ఇందులో వాళ్ల తప్పేం లేదు. హర్యానాలో పదేళ్ల పిల్లాడికి మ్యాట్ ఉంది, అకాడమీ ఉంది, రైల్వే, సర్వీసెస్ ఉద్యోగాల దారి ఉంది. మన పల్లెల్లో సంక్రాంతి పోటీలున్నాయి, అవీ మట్టి మీదే. మ్యాట్ మీద షూస్‌తో ఆడటం వేరే ఆట అని ఏ పీఈటీ సారునడిగినా చెబుతారు. టీవీ డబ్బు ఆటను మార్చేసింది. మారిన ఆటకు సిద్ధంగా ఉన్న ప్రాంతం దగ్గరికే అది వెళ్లింది.

నేర్పిన చోటుకు ఏం మిగులుతుంది?

మొత్తం వ్యవహారంలో నాకు అసలు ప్రశ్న ఇదే అనిపిస్తుంది. ఆటగాడు పోవడం తప్పు కాదు, మంచి ధర వచ్చిన చోటుకు ఎవరైనా పోతారు. అయితే ఆ ఆటగాణ్ని తయారు చేసిన మైదానానికి, క్లబ్‌కు, కోచ్‌కు ఏమైనా తిరిగి రావాలా?

ఫుట్‌బాల్ దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్టు మధ్యలో ఉన్న ఆటగాణ్ని ఒక దేశం క్లబ్ మరో దేశం క్లబ్‌కు అమ్మితే, ఆ ధరలో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల వరకు నేర్పిన ప్రతి ఏడాదికి పావు శాతం, 16 నుంచి 23 వరకు ప్రతి ఏడాదికి అర శాతం. కోటి రూపాయల బదిలీ అనుకుందాం. మీ ఊరి క్లబ్ ఆ పిల్లాడికి 12 నుంచి 15 దాకా నాలుగేళ్లు నేర్పి ఉంటే లక్ష రూపాయలు వస్తాయి. చిన్న క్లబ్‌కు లక్షంటే ఏడాది బంతులు, నెట్స్. అతను మళ్లీ అమ్ముడుపోతే మళ్లీ వస్తుంది. ఇది కాకుండా 23 ఏళ్ల లోపు ఆటగాడు మరో దేశానికి వెళ్తే శిక్షణ పరిహారం వేరే ఉంది.

క్రికెట్‌కు ఈ ఆలోచన తెలియదా అంటే, తెలుసు. ఐపీఎల్‌కు ఆటగాళ్లను పంపినందుకు విదేశీ బోర్డులకు ఆటగాడి ధరను బట్టి వాటా ముడుతుంది. అంటే మెల్‌బోర్న్ నుంచో, కేప్‌టౌన్ నుంచో ఒకడు వస్తే అతణ్ని తయారు చేసిన వ్యవస్థకు కొంత ఇవ్వాలన్న సూత్రాన్ని ఒప్పుకున్నట్టే. మిర్యాలగూడ నుంచో, వనపర్తి నుంచో వచ్చినవాడి విషయంలో ఆ సూత్రం జిల్లా దాకా దిగదు. మొదటిసారి బంతి పట్టించిన క్లబ్‌కు హక్కుగా వచ్చేది ఏమీ లేదు, కోచ్‌కు మిగిలేది ఫొటో, శాలువా.

దీనికి ఒక అభ్యంతరం చెబుతారు. వాటా పెడితే జిల్లా సంఘాల పెద్దలే తింటారు, పిల్లలకు చేరదు అని. హెచ్‌సీఏ చరిత్ర చూశాక ఆ భయం అర్థరహితం అనలేం. అందుకే సంఘానికి కాకుండా, ఆటగాడి నమోదు పత్రంలో ఏటా ఏ క్లబ్, ఏ కోచ్ దగ్గర నేర్చుకున్నాడో రాసి, వాటా ఆ క్లబ్ ఖాతాకే పంపే ఏర్పాటు ఉండాలి. ఫుట్‌బాల్‌లో ఆటగాడి పాస్‌పోర్ట్ అనేది అదే. తన దగ్గర నమోదయ్యే ప్రతి పిల్లాడి వయసును ఎముకల పరీక్షతో లెక్కగట్టగల బోర్డుకు, వాడు ఎక్కడ నేర్చుకున్నాడో రాసిపెట్టుకోవడం కష్టమైన పనేం కాదు.

అమెరికా కాలేజీల్లో ఏం జరుగుతోంది?

మన పిల్లలు ఎమ్మెస్‌కు వెళ్లే యూనివర్సిటీల్లోనే టీవీ డబ్బు ఇంకో రకం కథ నడుపుతోంది. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ ప్రసార హక్కులు కాలేజీల కూటములవి. ‘బిగ్ టెన్’ అనే కూటమి 2022లో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైన ఒప్పందం చేసుకుంది. అంత డబ్బు ఒకచోట పోగయ్యేసరికి, పశ్చిమ తీరంలో వందేళ్ల చరిత్ర ఉన్న ‘ప్యాక్-12’ కూటమిలోని పన్నెండు కాలేజీల్లో పది 2024 నాటికి వేరే కూటముల్లోకి వెళ్లిపోయాయి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ ఇప్పుడు ఆడేది అట్లాంటిక్ తీరం పేరున్న కూటమిలో.

ఆటగాళ్లూ కదిలారు. 2021 నుంచి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నియమం మొదటి బదిలీకి ఎత్తేశారు. అదే ఏడాది సొంత పేరు, బొమ్మ మీద సంపాదించుకునే హక్కు వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు 2025-26లో గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే వీలు కలిగింది. మన లెక్కలో ఒక్కో కాలేజీకి 175 కోట్ల రూపాయలకు అటూఇటూ. అక్కడా చిన్న కాలేజీల గోల మన జిల్లాల గోలే: మేం తయారు చేస్తున్నాం, పెద్దవాళ్లు ఎత్తుకుపోతున్నారు.

మరి మన దగ్గర? నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. రెండింటి జట్లూ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంటాయి. ప్రసార హక్కుల డబ్బు మాట ఇక్కడ లేనే లేదు. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ టీవీలో వస్తాయి, అది ప్రభుత్వ ఖర్చుతో నడిచే పండగ. విద్యార్థికి ఇక్కడ దక్కేది ఒక ధ్రువపత్రం. దాన్ని తక్కువ చేయొద్దు, దాని విలువ కింద చెబుతాను.

డబ్బు వెనక్కి పోతే?

2027తో ఐపీఎల్ ప్రస్తుత ఒప్పందం అయిపోతుంది. 2022లో టీవీ కోసం స్టార్, డిజిటల్ కోసం వయాకామ్18 పోటాపోటీగా పాడాయి. 2024 నవంబరులో ఆ రెండూ కలిసిపోయి జియోస్టార్ అయ్యాయి. పాడేవాళ్లలో ఇద్దరు ఒక్కరైతే వేలం ఎలా ఉంటుందో మార్కెట్ యార్డుకు మిర్చి తీసుకెళ్లినవారికి చెప్పాల్సిన పని లేదు. పైగా 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేములపై నిషేధ చట్టం రావడంతో డ్రీమ్11 లాంటి పెద్ద ప్రకటనదారులు తప్పుకున్నారు. ధర తగ్గుతుందని ఖాయంగా చెప్పలేం, ఈసారిలా ఎగబాకుతుందని ధీమాగా ఉండటమూ కష్టం.

డబ్బు పోతే ఏమవుతుందో హైదరాబాద్ ఒకసారి చూసేసింది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్ అయింది. రెండేళ్లు తిరగకముందే జీతాల బకాయిలు, ఫిఫా బదిలీ నిషేధం, ఆటగాళ్లు ఒక్కొక్కరుగా జారుకోవడం. 2024లో యాజమాన్యం మారింది, 2025లో జట్టు ఏకంగా ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఎస్.ఏ. రహీం లాంటి కోచ్‌ను దేశానికి ఇచ్చిన ఊరికి ఇప్పుడు ఐఎస్ఎల్ జట్టు లేదు. ఫ్రాంచైజీ లేచిపోయినప్పుడు నిలబడేది కింద ఉన్న మైదానం, లీగ్, కోచ్. జిల్లాల్లో ఆ మూడింటి మీద ఈ మంచి రోజుల్లోనే ఖర్చు పెట్టకపోతే, మంచి రోజులు పోయాక పెట్టేవారు ఉండరు.

మీ పిల్లలు ఆడుతుంటే ఇవి చూసుకోండి

క్రికెట్ అయితే ముందు జిల్లా సంఘం ద్వారా హెచ్‌సీఏలో నమోదు. పుట్టిన తేదీ పత్రంలో తేడాలుంటే ఇప్పుడే సరిచేయించండి. అండర్-16 బాలురకు ఎముకల పరీక్ష ఉంటుంది, తప్పుడు వయసు బయటపడితే రెండేళ్ల నిషేధం. ‘ఒక ఏడాది తగ్గించి రాయిద్దాం’ అనే సలహా ఇచ్చే కోచ్‌కు దండం పెట్టి బయటకు వచ్చేయండి. సెలక్షన్‌కు డబ్బు అడిగేవారి విషయంలోనూ అంతే.

క్రికెట్ కాకుండా కబడ్డీ, ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ లాంటివైతే ఖేలో ఇండియా ఉంది. ఎంపికైన క్రీడాకారుడిపై ఏడాదికి 6.28 లక్షల దాకా ఖర్చు చేస్తారు, అందులో నెలకు 10 వేల చొప్పున లక్షా 20 వేలు చేతికి వచ్చే భత్యం. నాలుగో తరగతిలో చేరే చిన్నారులకు హకీంపేట లాంటి రాష్ట్ర క్రీడా పాఠశాలలు ఉన్నాయి, ఎంపికలు మండల స్థాయిలో మొదలవుతాయి. ఆ నోటిఫికేషన్ వచ్చే రోజుల్లో పీఈటీ సారుతో టచ్‌లో ఉండండి, చాలామంది తల్లిదండ్రులకు అది తేదీ దాటాకే తెలుస్తుంది.

ధ్రువపత్రం సంగతి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. ఐపీఎల్‌కు వెళ్లేవాళ్లు లక్షల్లో ఒకరు. ఆడి, చదివి, కోటాలో ఉద్యోగం తెచ్చుకునేవాళ్లు మీకు తెలిసినవాళ్లలోనే ఉంటారు. కాబట్టి టోర్నీ అయిన రోజే పత్రం తీసుకోండి, పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందా, నిర్వహించిన సంస్థకు గుర్తింపు ఉందా చూసుకోండి. గుర్తింపు లేని ‘జాతీయ’ టోర్నీలు వేలల్లో ఫీజు తీసుకుని మెడల్ ఇస్తాయి. ఉద్యోగం దగ్గర ఆ మెడల్ చెల్లదు.

లెక్కలు అడగొచ్చా?

బీసీసీఐని సమాచార హక్కు చట్టం కిందికి తేవాలని 2018 అక్టోబరులో కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ఉత్తర్వు ఇచ్చారు. ఆయన మన వరంగల్ వారే. ఆ ఉత్తర్వుపై బోర్డు మద్రాసు హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం ముసాయిదాలో గుర్తింపు పొందిన క్రీడా సంఘాలన్నీ ఆర్టీఐ కిందికి వస్తాయని ఉండేది. బిల్లు ఆమోదానికి వచ్చేసరికి అది ‘ప్రభుత్వ గ్రాంటు, సాయం తీసుకునే సంఘాలు, ఆ సొమ్ము వరకు’ అని మారింది. ప్రభుత్వ గ్రాంటు మీద ఆధారపడని బోర్డుకు ఇంతకంటే సుఖమైన సవరణ ఉండదు.

అంటే టీవీ డబ్బులో మీ జిల్లాకు ఎంత వచ్చిందని ఆర్టీఐతో అడగడం ప్రస్తుతానికి కష్టమే. జిల్లా సంఘంలో సభ్యత్వం ఉన్న క్లబ్ మీదైతే వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆడిట్ లెక్కలు అడిగే హక్కు మీకుంది, ముందుగా రాతపూర్వకంగా ఇచ్చి అడగండి.

ప్రభుత్వ డబ్బు విషయం అలా కాదు. 2022 నుంచి ఊరూరా ఏర్పాటు చేసిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు, నల్లగొండ మేకల అభినవ్ స్టేడియం లాంటివి, జిల్లా యువజన క్రీడల అధికారి కార్యాలయం ఖర్చులు.. ఇవన్నీ ఆర్టీఐ కిందికే వస్తాయి. మీ ఊరి ప్రాంగణానికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఆట సామగ్రి ఎవరి దగ్గరుంది అని మూడు ముక్కలు రాస్తే చాలు. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.